బొమ్మలను నడిపించిన వాల్ట్ డిస్నీ

తెల్లని గుడ్డ తెర, తెర వెనుక దీపము, దీపమునకును తెరకును నడుమ రంగులద్దిన తోలుబొమ్మ. బొమ్మను కదలించి కథ చెప్పు విద్య మన తెలుగువారికి క్రొత్తది కాదు. రామరావణుల యుద్ధము సాగుచుండగా నడుమ కేతిగాడును బంగారక్కయు ప్రవేశించి పోట్లాడుకొనుచుండ, పిల్లలు నిద్ర మఱచి తెల్లవాఱువఱకు చూచెడివారు. అయితే ఆ బొమ్మ ఆడవలెనన్న తెర వెనుక నొక మనుష్యుడు కూర్చుండి పుల్లలను పట్టవలసినదే. పుల్ల లేక, పట్టు చేయి కానరాక, కాగితముపై గీచిన బొమ్మయే తెరమీద నడచుట, పాడుట, కన్నీరు కార్చుట యను వింతను లోకమునకెల్ల పరిచితము గావించినవాడు అమెరికా దేశస్థుడగు వాల్ట్ డిస్నీ.

ఆయనయే ఈ విద్యను కనిపెట్టెనని కొందరు చెప్పుట సరికాదు. 1914లోనే విన్సర్ మెకే యను చిత్రకారుడు గెర్టీ యను రాకాసిబల్లిని తెరపై నడిపించెను. మన దేశమున దాదాసాహెబ్ ఫాల్కే 1915లో అగ్గిపుల్లలను కదలించి యొక చిన్న చిత్రమును తీసెను. డిస్నీ చేసిన పని వేఱు. అంతవఱకు ఐదాఱు నిమిషముల వేడుకగా నున్నదానిని ఆయన కథ చెప్పగల కళగా మార్చెను.

మన పాఠశాలలో ఈ పేరు వినని విద్యార్థి అరుదు. ఇది యొక మనుష్యుని పేరని యెఱిగిన విద్యార్థియు అరుదే. డిస్నీ యనగా నొక కంపెనీ యనియో, టెలివిజనులో నొక చానెలనియో పిల్లలు తలంచుచున్నారు. తరగతిలో నొక బాలుడు డిస్నీ యను ఊరు ఏ దేశమున నున్నదని నన్నడిగెను. ఈ వ్యాసమునకు ఆ ప్రశ్నయే కారణము.

ఇప్పుడు నలువదేండ్లు దాటిన తలిదండ్రులకు మాత్రము ఈ పేరుతో నొక జ్ఞాపకము ముడిపడియున్నది. 1990 తరువాతి దినములలో, భద్రాచలమునకు పోవు దారిలోని అడవి యంచు గ్రామములలో, టెలివిజను గల యిల్లు ఊరికి ఒకటియో రెండో యుండెడివి. ఆదివారమునాడు దూరదర్శనమున డక్ టేల్స్, టేల్‌స్పిన్ అను బొమ్మల కథలు హిందీ భాషలో వచ్చెడివి. ఆ హిందీ మాకెవ్వరికిని తెలియదు. నవ్వుటకు భాషతో పని లేకుండెను. గాలికి యాంటెనా తిరిగిపోయినపుడు దానిని పట్టుకొని నిలుచుటకు ఒకడు ఇంటికప్పు నెక్కవలసియుండెను. కప్పుపై నున్నవానికి బొమ్మ కనబడదు గనుక ఆ పని వారమునకొకరికి వంతుగా సాగెడిది. ఆ పిల్లలే నేడు పెద్దవారై, రాత్రివేళ సెల్లుఫోనులో ఆ పాత బొమ్మలను వెదకి, దొరకినపుడు తమ పిల్లలను లేపి చూపుచున్నారు. ఆ బాతుల కథలు డిస్నీ స్వయముగా తీసినవి కావు. అవి 1987లో ఆరంభమైనవి. అప్పటికి ఆయన గతించి యిరువదేండ్లు దాటినవి.

వాల్టర్ ఇలియాస్ డిస్నీ 1901 డిసెంబరు 5వ తేదీన షికాగో నగరమున జన్మించెను. తండ్రి ఇలియాస్, తల్లి ఫ్లోరా. నలుగురు కుమారులలో ఈయన కడపటివాడు. ఈయన తరువాత ఒక చెల్లెలు. 1906లో ఆ కుటుంబము మిస్సోరి రాష్ట్రమున మార్సెలీన్ అను చిన్న యూరికి పోయి సేద్యము నారంభించెను. అక్కడ పందులు, కోళ్లు, గుఱ్ఱములు, చెట్లు బాలునికి తోడు. ఒకనాడు చెల్లెలితో గూడి తారు తెచ్చి తెల్లని యింటిగోడపై బొమ్మలు గీచెను; తారు పోదు గనుక తండ్రి కోపమునకు మేర లేకపోయెను. పొరుగున నున్న వైద్యుడు మాత్రము తన గుఱ్ఱము బొమ్మను వానిచేత గీయించి పైక మిచ్చెను. చిత్రకారునిగా డిస్నీ సంపాదించిన మొదటి కూలి అదియే.

సేద్యము కలిసిరాలేదు. తండ్రి పొలము నమ్మి కాన్సస్ సిటీ నగరమునకు చేరి వార్తాపత్రికలు పంచు గుత్తను తీసికొనెను. అప్పటికి వాల్ట్‌కు పదేండ్లు నిండలేదు. నాటినుండి ఆఱు సంవత్సరములు, కోడి కూయకమునుపే లేచి, మోకాలిలోతు మంచులోనైనను ఇంటింటికి పత్రిక వేసి, పిదప బడికి పోవలెను. తండ్రి ప్రత్యేకముగ కూలి యిచ్చెడివాడు కాడు. బాలుడు తరగతిలో కునుకు తీయుట ఉపాధ్యాయులకు నిత్యము కనబడు దృశ్యమాయెను. ఖమ్మము ప్రాంతమున మిరపకాయ కోతల దినములలో వెనుక బల్లలపై తలవాల్చు పిల్లలను చూచినపుడెల్ల నాకీ సంగతి స్ఫురించుచుండును. పత్రిక వేయుట మఱచినట్లు కలగని ఉలికిపడి లేచుట ఆయనకు పెద్దవాడైన తరువాతను తప్పలేదట.

1918లో, పదునాఱేండ్ల ప్రాయమున, ఆయన తన జనన సంవత్సరమును దిద్ది రెడ్ క్రాస్ వారి అంబులెన్సు దళమున చేరెను. ఫ్రాన్సు దేశమున దిగునప్పటికి యుద్ధము ముగిసినది. సంవత్సరము బండి నడిపి, బండిపై బొమ్మలు గీచి, 1919లో మరలి వచ్చెను. కాన్సస్ సిటీలోని యొక ప్రకటనల కార్యాలయమున ఆయనకు అబ్ ఐవర్క్స్ అను యువకుడు పరిచయమయ్యెను. ఇద్దరును ఒకే యీడువారు. డిస్నీ మాటకారి, సాహసి, ఐవర్క్స్ మితభాషి. బొమ్మ గీయుటలో మాత్రము ఐవర్క్స్ చేతివేగమునకు సాటి లేదు. ఈ రెండవ పేరును చదువరులు గుర్తుంచుకొందురు గాక.

కదలు బొమ్మల విద్యను ఆయన ఏ కళాశాలలోను నేర్వలేదు. కాన్సస్ సిటీ పౌర గ్రంథాలయమునుండి లట్జ్ అను రచయిత పుస్తకము నొకదానిని తెచ్చుకొని, ఎరవు తెచ్చిన కెమెరాతో ఇంటి షెడ్డులో రాత్రులు అభ్యాసము చేసెను. ఆ కిటుకు వినుటకు సులభము, చేయుట కష్టము. మన కన్ను ఒక బొమ్మను చూచిన పిదప ఆ ముద్రను వెంటనే విడువదు. కొలదిగా భేదము గల బొమ్మలను వరుసగా వేగముగ చూపినచో అవి వేఱువేఱు బొమ్మలని తోచక ఒకే బొమ్మ కదలినట్లు తోచును. చలనచిత్రమున సెకనునకు 24 చిత్రములు సాగును. ఒక్కొక్క బొమ్మను రెండేసి మాఱులు వాడినను సెకనునకు 12 బొమ్మలు కావలెను. ఏడు నిమిషముల కథకు లెక్క వేయుడు: ఐదువేలకు పైబడును. లెక్కల తరగతిలో ఈ ప్రశ్న నిచ్చిననాడు పిల్లలు మొదట జవాబును నమ్మలేదు; పిదప నోటు పుస్తకపు అంచులలో బొమ్మలు గీచి, పేజీలను బొటనవ్రేలితో విడుచుచు, వారముదినములు నన్ను పాఠము చెప్పనీయలేదు.

1922లో స్థాపించిన మొదటి సంస్థ మఱుసటి యేడే దివాలా తీసెను. ఆ దినములలో ఆయన కార్యాలయమునందే నిద్రించి, వారమునకొకమాఱు రైల్వేస్టేషనులో స్నానము చేసెడివాడు. 1923లో 40 డాలర్లు చేతబట్టుకొని హాలీవుడ్ చేరెను. క్షయవ్యాధితో ఆస్పత్రిలో నున్న అన్న రాయ్ ఆయనకు తోడ్పడెను. ఆ యక్టోబరు 16వ తేదీన అన్నదమ్ములు ప్రారంభించిన సంస్థయే నేటి డిస్నీ కంపెనీ. బొమ్మల సంగతి తమ్మునిది, పద్దుల సంగతి అన్నది. కడవఱకు నిట్లే సాగెను. 1925లో తన కార్యాలయమున పనిచేయు లిలియన్ అను కన్యను ఆయన వివాహమాడెను.

1927లో ఆస్వాల్డ్ అను కుందేలు బొమ్మను సృష్టింపగా అది విశేషముగ ప్రజాదరణ పొందెను. 1928 ఆరంభమున ఆయన ఎక్కువ పైకము నడుగుటకై న్యూయార్కు పోయెను. అక్కడ పంపకపుదారుడు చెప్పిన మాట పిడుగువంటిది: కుందేలుపై హక్కు డిస్నీది కాదు, ఆయన వద్ద పనిచేయు చిత్రకారులలో పెక్కుమందితో పంపకపుదారు అప్పటికే లోపాయికారిగా ఒడంబడిక చేసికొనెను. తన చేతిబొమ్మ తనది కాకుండ పోయినది. విడిచిపోనివారిలో ముఖ్యుడు ఐవర్క్స్. ఈ కుందేలు విషయమున నొక వినోదము కలదు. 78 సంవత్సరముల పిదప, 2006లో, డిస్నీ కంపెనీ ఆ హక్కును మరల సంపాదించెను. దానికి బదులుగా తమ టెలివిజనులో ఆటల వ్యాఖ్యానము చేయు నొక ప్రసిద్ధుని ఒడంబడిక నుండి విడుదల చేసిరి. కుందేలునకు మనుష్యుని మారకము వేయుట చరిత్రలో నిదియే మొదటిదేమో.

కుందేలు పోయిన చోట ఎలుక పుట్టెను. డిస్నీ పెట్టదలచిన పేరు మార్టిమర్. అది బాగులేదని భార్య యనగా మిక్కీ యని మార్చెను. రూపమును తీర్చినవాడు ఐవర్క్స్. మొదటి మిక్కీ చిత్రమునకు ఆయన దినమునకు 700 బొమ్మలు గీచెనని ప్రసిద్ధి. మొదటి రెండు చిత్రములను కొనువారు లేకపోయిరి. అంతకు ముందటి యేడే తెరకు మాట వచ్చియుండెను గనుక మూడవ చిత్రమునకు ధ్వనిని జోడింపవలెనని డిస్నీ పట్టుపట్టెను. ఎలుక యీల వేయునపుడు ఈల, గంట మ్రోగినపుడు గంట సరిగా ఆ క్షణముననే వినబడవలెను. న్యూయార్కులో మొదటిసారి వాద్యగాండ్రకు లయ కుదరక ధ్వని చెడిపోయెను. రెండవసారి వ్రాయించుటకు పైకము చాలక కారు నమ్మించెను. స్టీంబోట్ విల్లీ అను ఆ చిత్రము 1928 నవంబరు 18వ తేదీన న్యూయార్కు కాలనీ థియేటరులో ప్రదర్శింపబడెను. తరువాతి కథ లోకమెఱిగినదే. 1947 వఱకు చిత్రములలో మిక్కీ కంఠము డిస్నీ స్వంత కంఠమే. ఐవర్క్స్ మాత్రము 1930లో విడిపోయి స్వంతముగ చిత్రశాల పెట్టెను. పదేండ్ల తరువాత తిరిగి వచ్చి యంత్రపరికరముల విభాగమున పేరు గాంచెను.

1932లో మూడు వర్ణముల టెక్నికలర్ పద్ధతిని బొమ్మల చిత్రమున మొదట వాడి, ఆ చిత్రమునకే ఆస్కారు బహుమతి పొందెను. పిదప అందరును పిచ్చిపని యనిన దానికి పూనుకొనెను. ఒక సాయంకాలము తన చిత్రకారులను కూర్చుండబెట్టి, స్నోవైట్ కథను ఏడుగురు మరుగుజ్జులుగా తానే యభినయించుచు మొదటినుండి తుదివఱకు చెప్పెను. గంటన్నరకు దగ్గఱగా బొమ్మలనే చూచుచు ఎవరు కూర్చుందురని హాలీవుడ్ నవ్వెను. వ్యయము 15 లక్షల డాలర్లకు చేరెను. 1937 డిసెంబరు 21వ తేదీన 83 నిమిషముల ఆ చిత్రము విడుదల కాగా, నవ్వినవారే ఆ రాజకుమార్తె శవపేటిక చుట్టును మరుగుజ్జులు విలపించు దృశ్యమున కన్నులు తుడుచుకొనిరి. ఆస్కారు వారు ఆయనకు ఒక పెద్ద ప్రతిమను, దాని ప్రక్క ఏడు చిన్న ప్రతిమలను ఇచ్చిరి.

ఆ సంపదతో అన్నదమ్ములు తలిదండ్రులకు ఒక యిల్లు కొనియిచ్చిరి. 1938 నవంబరులో ఆ యింటి పొయ్యినుండి విషవాయువు వెలువడి తల్లి మరణించెను. ఈ సంగతిని ఆయన జీవితాంతము ఎవ్వరితోను ప్రస్తావించుట కిష్టపడలేదని జీవితచరిత్రకారులు చెప్పుదురు.

ఇక విద్యార్థులకు చెప్పక దాచిన బాగుండునని కొందరు తలంచు భాగము వచ్చుచున్నది. దాచుట తగదని నా యభిప్రాయము. ఒక్కొక్క చిత్రమునకు వేలకొలది సెల్యులాయిడ్ రేకులపై సిరాతో గీతలు దిద్ది, వెనుక రంగు నింపినవారు స్త్రీలు. కన్నులు మూసికొని తెరచులోపల జరిగిపోవు నొక రేకుకు దినమంతయు వంగి పనిచేసినవారు. చిత్రములు గీయు విభాగమున శిక్షణకు ఆ దినములలో స్త్రీలను చేర్చుకొనుట సామాన్యముగ లేదు. పురుషులలోను జీతముల భేదము మిక్కుటము. స్నోవైట్ లాభములు తమకు అందునని యెదురుచూచినవారికి ఆశాభంగ మయ్యెను. యుద్ధమువలన ఐరోపా విపణి మూతపడి, 1940లో వచ్చిన పినోకియో, ఫాంటాసియా చిత్రములు నష్టము తెచ్చెను. పనివారిని తొలగించుట మొదలయ్యెను. సంఘమును కట్టినవారిలో ముఖ్యుడును, మంచి చిత్రకారుడును అగు ఆర్ట్ బాబిట్‌ను కొలువునుండి తీసివేయగా, 1941 మే 29వ తేదీన సమ్మె యారంభమయ్యెను. నాలుగు వారములు దాటినను అది తెగలేదు. తుదకు సంఘమును గుర్తింపవలసి వచ్చెను. డిస్నీ ఆ గాయమును మఱువలేదు. 1947లో అమెరికా చట్టసభ సంఘము నెదుట సాక్ష్యమిచ్చుచు సమ్మె నాయకులను కమ్యూనిస్టులని పేర్కొనెను.

పత్రికలు వేసి కూలి యెఱుగని బాలుడు, తన కుందేలును పోగొట్టుకొని యేడ్చిన యువకుడు, తన క్రింద పనిచేయువారి శ్రమకు పేరును పైకమును అడిగినపుడు దానిని ద్రోహముగ నెంచుట ఆశ్చర్యము. కాని మన యూళ్లలోను కూలివాడుగా నుండి గుత్తదారుడైనవాని తీరు చూచినవారికి ఈ యాశ్చర్యము కొంత తగ్గును. 1946లో వచ్చిన సాంగ్ ఆఫ్ ది సౌత్ అను చిత్రమున నల్లజాతివారి బానిసకాలపు తదనంతర జీవితమును తీయని కలగా చూపుటయు విమర్శ పాలయ్యెను. దానిని కంపెనీవారే తమ దేశమున నేటివఱకు ఇండ్లలో చూచుటకు విక్రయింపలేదు.

1955 జూలై 17వ తేదీన తెరచిన డిస్నీలాండ్ ఉద్యానము, టెలివిజను కార్యక్రమములు, మేరీ పాపిన్స్ మొదలగు వానిని గూర్చి ఎల్లరు నెఱుగుదురు గనుక విస్తరింపను. ఆయన గెలుచుకొనిన ఆస్కారు బహుమతులు గౌరవ బహుమానములతో కలిపి 26. మఱి యెవ్వరికిని అన్ని రాలేదు.

మనకు దగ్గఱి సంగతి యొకటి చెప్పవలెను. డిస్నీ వద్ద బాంబి మొదలగు చిత్రములకు పనిచేసిన క్లెయిర్ వీక్స్ అను చిత్రకారుడు మన దేశముననే మిషనరీ దంపతులకు పుట్టినవాడు. 1956లో ఆయన బొంబాయి ఫిలిమ్స్ డివిజనుకు వచ్చి మనవారికి ఈ విద్య నేర్పెను. వారు బుద్ధుని జాతక కథనుండి తీసిన మఱ్ఱిచెట్టు జింక చిత్రము 1957 నాటిది. అక్కడ నేర్చినవారిలో రామ్ మోహన్ ఒకరు. ఆయనయు జపాను దేశస్థుడగు యుగో సాకోయు మఱికొందరును కలిసి 1992లో రామాయణమును బొమ్మల చిత్రముగా తీసిరి. అది 2025 జనవరిలో తెలుగు మాటలతోను మన థియేటరులకు వచ్చెను. పర్ణశాలను కన్నులార చూచిన మన పిల్లలు తెరపై జపాను చేతులు గీచిన పర్ణశాలను చూచి, ఆ చెట్లు మన చెట్లవలె లేవని తప్పు పట్టిరి!

డిస్నీ బాల్యమునుండియో యన్నట్లు పొగ త్రాగెడివాడు. 1966 నవంబరులో ఊపిరితిత్తులలో రాచపుండు బయటపడెను. డిసెంబరు 15వ తేదీన, 65 సంవత్సరముల వయస్సున మరణించెను. ఆయన కడపట స్వయముగ నడిపించిన బొమ్మల చిత్రము జంగిల్ బుక్; అది 1967 అక్టోబరులో విడుదలయ్యెను. ఆయన దానిని పూర్తిగా చూడలేదు. కిప్లింగ్ కథ మధ్యప్రదేశపు సియోని యడవులలో జరుగును. అందు భాలూ యను ఎలుగుబంటి పాడును, ఆడును, పిల్లవానిని పొట్టపై కూర్చుండబెట్టుకొని యేటిలో తేలును. మన యడవిపిల్లలు దీనిని చూచి నవ్వుదురు గాని నమ్మరు. ఇప్పపూలు రాలు వేసవిలో తెల్లవాఱుజామున ఏరుటకు పోవు తల్లుల వెంట నడచినవారికి, ఆ పూలకే వచ్చు ఎలుగుబంటి ఎట్టిదో తెలియును. ఒక కోయ బాలిక ఆ బొమ్మను చూచి, ఇది పెంపుడు ఎలుగు అని తీర్పు చెప్పినది.

పాత చిత్రములను వెదకువారికి ఒక మాట. అమెరికా చట్టము ననుసరించి స్టీంబోట్ విల్లీ పై హక్కుల గడువు 2023 తోడ తీరి, 2024 జనవరి 1వ తేదీన అది ఆ దేశమున ప్రజలందరి సొత్తయ్యెను. ఈ గడువును పొడిగింపజేయుటకు డిస్నీ కంపెనీయే యెంతయో ప్రయత్నించెను. 1998 నాటి చట్టము అట్టిదే. ఇప్పుడు అంతర్జాలమున స్పష్టమైన ప్రతి లభించుచున్నది, ఎనిమిది నిమిషములకు మించదు, రంగులు లేవు. మాటలును లేవనియే చెప్పవచ్చును, కావున ఏ భాషవారికైనను చాలును. చూచు విద్యార్థులు మొదటి పలకను వదలక ఆపి చదువుదురు గాక. వాల్ట్ డిస్నీ పేరు క్రింద, చిన్న యక్షరములతో, అబ్ ఐవర్క్స్ పేరును ఉన్నది.